బస్సుల కోసం ఒక ముఖ్యమంత్రి కుర్చీ దిగిపోయాడంటారు, నిజమేనా? ఇంకా మా ఊరి 5:40 బస్సు సంగతి

బేనిషా_తోట:

అందరికీ నమస్కారం. మాది బనగానపల్లె దగ్గర ఒక పల్లె. మా జేజినాయనకు 86 ఏళ్లు. టీవీలో ఉచిత బస్సు మాట వస్తే చాలు, "ఈ బస్సుల కోసమే ఒక ముఖ్యమంత్రి కుర్చీ పోయింది, మీకేం తెలుసురా" అంటాడు. ఎవరాయన అంటే "మన జిల్లా ఆయనే" అంటాడు. అంతకు మించి అడిగితే దుప్పటి కప్పుకుంటాడు. ఇది నిజమా, లేక రచ్చబండ కథా?

రెండో ప్రశ్న. మా ఊళ్లో రాత్రి ఆగి పొద్దున 5:40కి బయల్దేరే పల్లెవెలుగు ఒకటుంది. చలికాలంలో పొలానికి పోతూ లెక్కపెట్టాను. ఒకరోజు ముగ్గురు ఎక్కారు, ఇంకోరోజు ఇద్దరు, మరోరోజు ఎవరూ లేరు. డ్రైవర్, కండక్టర్ ఇద్దరే మఫ్లర్లు చుట్టుకుని వెళ్లిపోయారు. డీజిల్ దండగ కాదా? పది మంది పోగయ్యాక తీస్తే పోయేదేముంది? ఈ మాట ఇంట్లో అంటే మా జేజినాయన చేతికర్ర ఎత్తాడు. ఎందుకంత కోపమో నాకైతే అర్థం కాలేదు.

కోర్టు_గుమాస్తా:

మీ జేజినాయన చెప్పింది నిజమే. రెండు చిన్న సవరణలు మాత్రం ఉన్నాయి.

ఆ ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. సొంతూరు అనంతపురం జిల్లా ఇల్లూరు. 1962లో గెలిచింది మాత్రం కర్నూలు జిల్లా డోన్ నుంచి, అందుకే మీ వాళ్లు "మన జిల్లా ఆయన" అంటారు. ఇంకోటి, ఆయన్ని ఎవరూ దించలేదు. ఆయనే దిగిపోయారు.

అప్పట్లో ప్రైవేటు బస్సుల రూట్లను ఒక్కో జిల్లాగా ఆర్టీసీకి తీసుకుంటున్నారు. కర్నూలు జిల్లా వంతు వచ్చేసరికి, ముందు అనుకున్న వరుస మార్చి జిల్లాలో పడమటి వైపు రూట్లనే ముందుకు తెచ్చారని, అక్కడి బస్సు యజమానులు ముఖ్యమంత్రికి రాజకీయంగా గిట్టనివాళ్లు కాబట్టే అలా చేశారని కేసు వేశారు. ఈ ఆరోపణ మీద ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వేయలేదు. 1964 జనవరిలో సుప్రీంకోర్టు, రూట్లు తీసుకునే ఆ స్కీములు కొట్టేసింది. కొట్టేయడంతో ఊరుకోకుండా, ఆరోపణకు జవాబు రాలేదన్న సంగతి కూడా తీర్పులో రాసింది. ఆ వ్యాఖ్యలు వచ్చాక సంజీవరెడ్డి రాజీనామా చేశారు. కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. అదే సంజీవరెడ్డి 1977లో రాష్ట్రపతి అయ్యారు, అది వేరే కథ.

దీనికంటే ముందు కృష్ణా జిల్లాది ఇంకో కేసుంది. లా చదివినవాళ్లు ఎవరిని నిద్రలో లేపి అడిగినా చెప్తారు: గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసు. ఆయనా బస్సు యజమానే. రూట్లు జాతీయం చేయడం మీద అభ్యంతరాలు విన్నది శాఖ కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. "విన్నవాడొకడు, తేల్చేవాడొకడు అయితే ఇక వినడం ఎందుకు" అన్న అర్థంలో 1958లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. తీర్పు రాసింది కోకా సుబ్బారావు. తర్వాత ముఖ్యమంత్రే కూర్చుని విని మళ్లీ ఆమోదిస్తే, 1959లో ఆ పద్ధతిని కోర్టు ఒప్పుకుంది. ఈ రోజుకీ ఏ ఆఫీసులోనైనా విచారణ సరిగ్గా జరగలేదని వాదించాలంటే మా సీనియర్లు తీసేది ఈ బస్సుల కేసే.

గౌలిగూడ_షెడ్డు:

మీరంతా ఆంధ్ర వైపు కథే చెప్తున్నారు. అసలు ఆర్టీసీ మొదలు మా హైదరాబాద్ వైపు కదా.

1932 జూన్‌లో నిజాం రైల్వేలో ఒక శాఖగా 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. బస్సులు స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఆల్బియన్‌లు. 1951లో అది హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ అయింది. అంటే కృష్ణా జిల్లా రూట్లు కలిసేనాటికే మా దగ్గర పాతికేళ్ల అనుభవం ఉంది.

బస్సు నంబర్లలో జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరుతో వచ్చిందని మా ఇళ్లలో చెప్పుకుంటారు. పాత బస్సుల మీద ఏఏజెడ్, ఏఈజెడ్ అని ఉండేవి, తర్వాత ఏపీ 11 జెడ్ లాంటివి వచ్చాయి.

నా పేరులో ఉన్న షెడ్డు గౌలిగూడ బస్టాండ్. అర్ధచంద్రం ఆకారంలో రేకుల షెడ్డు, విమానాల కోసం తెప్పించింది. చిన్నప్పుడు దాని కింద నిలబడి అరిస్తే గొంతు తిరిగొచ్చేది. 2018 జూలై 5 తెల్లవారుజామున మొత్తం కూలిపోయింది. అంతకు ముందే ఖాళీ చేయించారు కాబట్టి ఎవరికీ ఏం కాలేదు.

చిల్లర_తర్వాత:

5:40 బస్సు సంగతి నాకు వదిలేయండి. 1981లో కండక్టర్‌గా చేరాను, 2015లో కండక్టర్‌గానే రిటైరయ్యాను. అందులో సగం నైట్ హాల్ట్ డ్యూటీలే.

ముందు కర్ర ఎందుకు లేచిందో చెప్తాను. నేను చేరినప్పుడు నాకు జతపడ్డ డ్రైవర్ ప్రైవేటు బస్సుల్లో క్లీనర్‌గా మొదలైనవాడు. రూట్లు ఆర్టీసీకి వచ్చినప్పుడు వాటితోపాటే వచ్చాడు. ఆత్మకూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కేటప్పుడు నోరు విప్పేవాడు కాదు. దోర్నాల దిగాక మొదలుపెట్టేవాడు. ఆయన చిన్నప్పుడు, యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాస్‌తో నడిచేవట. వెనక పొయ్యి, పొగ, దారిలో ఆపి బొగ్గు కదిపి మళ్లీ పోవడం. తర్వాత పెట్రోలు వచ్చింది కానీ టైము రాలేదు అనేవాడు. బస్సు నిండితే బయల్దేరేది, నిండకపోతే ఇంకో గంట. ఊళ్లో పెద్దమనిషి వస్తానని కబురు పెడితే ఆయన తలకి పోసుకుని, తిని, తాంబూలం వేసుకునేదాకా బస్సు ఆయన ఇంటి ముందే. చంటిబిడ్డను ఆసుపత్రికి తీసుకుపోయే తల్లి అదే బస్సులో ఎండకి కూర్చుని ఉండేది.

అన్ని కంపెనీలూ అంతేనని అనను. పురుడు కష్టమైతే అర్ధరాత్రి బస్సు తీసిన ఓనర్లూ ఉన్నారట. కానీ ఓనరు మంచివాడైతేనే ఆ ఊరికి మంచి బస్సు.

కార్పొరేషన్‌లోకి వచ్చాక ఆయనకి మొదట మింగుడుపడనిది ఒకటేనట. బస్సు ఖాళీగా ఉన్నా టైముకి కదలాలి. మొదటి రోజుల్లో అద్దంలో వెనక సీట్లు చూసుకుని "ఇదేం బేరం స్వామీ" అనుకుంటూ గేరు వేసేవాణ్ణి అనేవాడు. కొన్నాళ్లకి ఆ ఖాళీ సీట్లే నిండాయి. బస్సు తమ కోసం ఆగదని, అలాగని మానెయ్యదని ఊరికి అర్థమైంది. మీ జేజినాయన ఆ రెండు కాలాలూ చూసిన మనిషి. మీరు వెళ్లి "పది మంది పోగయ్యాక తీస్తే పోయేదేముంది" అన్నారు. కర్ర ఎత్తడమేనా, విసిరేయలేదు కదా.

ఇక లెక్క. మీరు చూసింది ఒక ట్రిప్పు. డిపోలో చూసేది షెడ్యూలు మొత్తం, అంటే ఆ బస్సు రోజంతా తిరిగే ట్రిప్పులన్నీ. 5:40కి మీ ఊరి నుంచి ముగ్గురితో కదులుతుంది. తర్వాతి ఊళ్లో కూరగాయల గంపలు ఎక్కుతాయి. మూడో ఊరి నుంచి కూలికి పోయేవాళ్లు. టౌనుకి చేరేసరికి నిలబడే వాళ్లుంటారు. అక్కడ దించి అదే బస్సు తిరుగు ముఖం పట్టాలి, ఎందుకంటే మీ వైపు బడులకు రావాల్సిన టీచర్లు బస్టాండులో క్యారేజీలు పట్టుకుని నిలబడి ఉంటారు. వాళ్లను దించాక పిల్లలు. పాసుల పిల్లలు ఎక్కితే నేను టికెట్లు కొట్టడానికి ఫుట్‌బోర్డు నుంచి ముందు డోరు దాకా పోవడానికి రెండు ఊళ్లు దాటేవి. మీ 5:40 కదలకపోతే ఆ ట్రిప్పులేవీ లేవు. అదే బస్సు రాత్రి టౌనులో పడుకుంటే, పొద్దున మీ ఊరికి ఖాళీగా వచ్చి మళ్లీ వెనక్కి పోవాలి. అప్పుడు డీజిల్ నిజంగా దండగ. నైట్ హాల్ట్ పెట్టిందే దాని కోసం.

డిపోలో మూడు మాటలు రోజూ వినపడతాయి. ఓఆర్, అంటే సీట్లలో ఎంత నిండింది. ఈపీకే, అంటే కిలోమీటరుకి ఎంత వచ్చింది. కేఎంపీఎల్, అంటే లీటరుకి ఎన్ని కిలోమీటర్లు లాగింది. మొదటి రెండింటికీ డిపో మేనేజర్ నా మొహం చూస్తాడు, మూడోదానికి డ్రైవర్ మొహం. మా డ్రైవర్ స్పీడ్ బ్రేకర్ అల్లంత దూరంలో కనపడగానే కాలు తీసేసి, బ్రేకు తాకకుండా బండిని దానంతట దాన్ని జారనిచ్చేవాడు. ఆయన పక్కన గ్లాసులో టీ పెట్టినా తొణకదు.

నైట్ హాల్ట్ ఊళ్లో మా మంచం బస్సు టాపే. ఎండాకాలం అయితే రాజభోగం, వానొస్తే సీట్ల మధ్య. క్యాష్ బ్యాగు తల కింద. అందులో చిల్లర ఎక్కువుంటే పొద్దున లేచేసరికి చెవి మీద నాణెం అచ్చు. ఊరివాళ్లు పెట్టే జొన్నరొట్టె, ఉల్లికారం తిన్న రోజులు లెక్కే లేదు. పెళ్లికూతురిని దించి రావాలి, ఐదు నిమిషాలు ఆపమని రాత్రే వచ్చి అడిగేవాళ్లు. సరే అంటాం. పొద్దున 5:40కి హారన్ కొట్టగానే చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొస్తారు, ఆ ఐదు నిమిషాలు వాళ్లే వాడుకోరు.

బేనిషా_తోట:

అయ్యా, మీరు రాసింది జేజినాయనకి చదివి వినిపించాను. తాంబూలం దగ్గర గట్టిగా నవ్వాడు, ఆ పెద్దమనిషి పేరు కూడా చెప్పాడు, ఇక్కడ రాయను. లెక్క నాకూ అర్థమైంది, ఒప్పుకుంటున్నాను.

ఒక చిన్న సందేహం. మెషిన్లు రాక ముందు, అన్ని ఊళ్లు, అన్ని రేట్లు, అంత రద్దీలో ఎవరెక్కడ ఎక్కారో, ఎంత వసూలైందో ఎలా తెలిసేది? చెకింగ్ వాళ్లు ఏం చూసేవాళ్లు? మీరెప్పుడైనా దొరికారా?

చిల్లర_తర్వాత:

అడగాల్సిందే అడిగారు.

ట్రే అని ఒకటుండేది. రేకు పెట్టె, అందులో వరుసగా టికెట్ల కట్టలు, ఒక్కో ధరకి ఒక్కో రంగు. సన్నటి కాగితం, ప్రతి టికెట్ మీదా నంబరు. బొటనవేలితో చించీ చించీ గోరు మూల సిరా రంగు పట్టేది, సెలవు రోజు తలంటుకున్నా పోయేది కాదు. ఒక చేతిలో ట్రే, ఇంకో చేతిలో పంచ్, ఎడమ భుజానికి తోలు సంచి. ఆ పట్టీ మచ్చ నా భుజం మీద ఇంకా ఉంది.

అసలు ప్రాణం ఎస్సార్‌లో ఉంటుంది. అదొక పెద్ద కాగితం. అడ్డంగా టికెట్ ధరలు, నిలువుగా స్టేజీలు, అంటే రేటు మారే స్టాపులు. డ్యూటీ ఎక్కగానే ప్రతి కట్టలో పైనున్న నంబరు రాసుకోవాలి. నా జేబులో సొంత డబ్బు ఎంతుందో అదీ రాయాలి, యాభై పైసలైనా సరే. ప్రతి స్టేజీ రాకముందే అప్పటిదాకా చిరిగిన టికెట్ల నంబర్లు ఎక్కించాలి. దాన్నే స్టేజీ క్లోజ్ చేయడం అంటాం. కదిలే బస్సులో నడుము సీటు కమ్మీకి ఆనించి, ట్రేనే బల్లగా పెట్టుకుని రాయడం. గుంటల్లో నా ఏడు ఒకటిలాగా, ఒకటి ఏడులాగా ఉండేది. బస్సు నిండుగా ఉండి స్టేజీ దగ్గరకొస్తే, "హోల్డాన్" అని ఆపించి, అందరికీ టికెట్లిచ్చి, క్లోజ్ చేశాకే "రైట్ రైట్". జనం తిట్టుకునేవాళ్లు, కండక్టర్‌కి తిక్క అని.

చెకింగ్ వాళ్లు ఎక్కగానే మొదట అడిగేది ట్రే, ఎస్సార్. ట్రేలో ఉన్న నంబరు నుంచి ఎస్సార్‌లో నంబరు తీసేస్తే ఆ స్టేజీలో ఎన్ని టికెట్లు ఇచ్చానో తెలుస్తుంది. తర్వాత తలకాయలు లెక్కపెడతారు. ఆ తర్వాత సంచిలో డబ్బు. మూడూ ఒకే మాట చెప్పాలి.

దొరికానా అంటే, దొరికాను. చేరిన మొదటి ఏడాదే, శివరాత్రికి శ్రీశైలం స్పెషల్. కాలు పెట్టే చోటు లేదు, ఇరుముడి మూటలు నా తల మీదుగా పోతున్నాయి. రెండు టికెట్లు చించాను, అవతల చెయ్యి అందుకోలేదు. సరే తర్వాత ఇద్దామని ట్రే మూత కింద దోపాను, మర్చిపోయాను. దోర్నాల దగ్గర ఇన్‌స్పెక్టర్ ఎక్కాడు. రెండు టికెట్లు చిరిగినట్టు లెక్క చెప్తోంది, అవి ఎవరి చేతిలోనూ లేవు, డబ్బూ లేదు. నా మొహం పాలిపోయింది. ఆయన అరవలేదు. బస్సు పక్కకి తీయించి ఎస్సార్ మొదటి గీత నుంచి నా చేతే గట్టిగా చదివించాడు. బస్సు మొత్తం వింటోంది, ఒక ముసలాయన మధ్యలో "శంభో" అంటున్నాడు. చివరికి మూత ఎత్తితే రెండు టికెట్లూ నలిగి అక్కడే ఉన్నాయి. ఆ ఇద్దరు భక్తులూ వెనక సీట్లోనే ఉన్నారు, టికెట్ ఇస్తారేమోనని డబ్బులు పిడికిట్లో పట్టుకుని. "మూత పర్సు కాదు" అని ఒక్క మాట అని దిగిపోయాడు. తర్వాత ముప్పై మూడేళ్లలో ఆ మూత కింద కాగితం ముక్క పెట్టలేదు.

రైట్_రైట్:

సార్, నమస్తే. నేను ఇప్పుడు డ్యూటీలో ఉన్న కండక్టర్‌ని. ఎస్సార్ కష్టాలు మా పెద్దవాళ్లు చెప్తే వినడమే. మాకు టిమ్స్ మెషిన్, స్టేజీ నొక్కితే రేటు అదే వేస్తుంది. 2020 జనవరి నుంచి మేము ప్రభుత్వ ఉద్యోగులం కూడా.

కానీ నా పని తగ్గిందనుకోకండి. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకి టికెట్ డబ్బులు లేవు. అయినా టికెట్ ఇవ్వాలి, సున్నా రూపాయల టికెట్. "ఫ్రీ కదా, కాగితమెందుకమ్మా" అని రోజుకి యాభై మంది అడుగుతారు. ఆ సున్నా టికెట్ల లెక్కతోనే సంస్థకి ప్రభుత్వం డబ్బు కట్టేది. అది కొట్టకపోతే ఆమె ప్రయాణం లెక్కలో లేనట్టే. ఆధార్ తీసి చూపించమంటే కొంగులో ముడి, ముడిలో సంచి, సంచిలో కవరు, కవరులో కార్డు. అంతా విప్పేసరికి రెండు స్టేజీలు.

బేనిషా గారూ, మీ వైపు పొద్దున ట్రిప్పులో ఇద్దరో ముగ్గురో అన్నారు కదా. ఇప్పుడొకసారి లెక్కపెట్టి చూడండి.

గౌలిగూడ_షెడ్డు:

మా తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచే మహాలక్ష్మి పేరుతో ఆడవాళ్లకి ఉచిత బస్సు ఉంది. సున్నా టికెట్ గొడవలన్నీ మేం ముందే చూసేశాం. సీటు కోసం కిటికీలోంచి కర్చీఫ్ వేసేది ఒకప్పుడు మగవాళ్లే. ఇప్పుడు మా అత్తమ్మ గురి చూడాలి మీరు.

బేనిషా_తోట:

నిన్న, ఈరోజు లెక్కపెట్టాను. నిన్న తొమ్మిది మంది, ఈరోజు పదకొండు. ఏడుగురు ఆడవాళ్లు, టౌనులో పనికి పోతున్నారట. ఒకావిడ మా వీధే, ఆమె పనికి పోతుందని నాకు ఇప్పటిదాకా తెలియదు.

జేజినాయన రేపు తనని కూడా 5:40కి ఎక్కించమంటున్నాడు. ఎక్కడికంటే "టౌనుకి పోయి టీ తాగి అదే బస్సులో వస్తా" అంటున్నాడు. చిల్లర_తర్వాత గారూ, మీ పాత రూటు గురించి అడిగితే ఏం చెప్పమంటారు?

చిల్లర_తర్వాత:

రానీండి పెద్దాయన్ని. డ్రైవర్ వెనక కిటికీ సీటు ఆయనకి, పొద్దున పూట అక్కడ చలిగాలి తగలదు. తిరుగు ట్రిప్పులో టీచర్లు ఉంటారు కాబట్టి ముందే ఎక్కి కూర్చోమనండి. సీనియర్ సిటిజన్ రాయితీకి ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోమనండి. ఇంకోటి, పొద్దున్నే ఐదొందల నోటు తీయొద్దని మరీ మరీ చెప్పండి. తీశాడో, టికెట్ వెనక చిల్లర రాసిచ్చి తిరుగు ట్రిప్పులో తీసుకోమంటారు, ఆయన టీ డబ్బులు మీ కండక్టర్ సంచిలోనే ఉండిపోతాయి.